పైరు పాలిపోతే పరుగెత్తుతాం... మనిషి పాలిపోతే?

వేరుశనగలో లేత ఆకులు పసుపుపచ్చగా మారి, ఆ పైన తెల్లగా పాలిపోతుంటే మీరు చూస్తూ కూర్చోరు. సున్నం పాలు ఎక్కువున్న నేలల్లో ఇది ఇనుప ధాతు లోపమని పట్టేస్తారు. ఎకరాకు 200 లీటర్ల నీటిలో కిలో అన్నభేది, 200 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేస్తారు. ఆలస్యమైతే దిగుబడి పోతుందని భయం.

అదే ఇంట్లో కేన్సర్ వైద్యం జరుగుతున్న మనిషి పాలిపోతే? కింది కనురెప్ప లాగి చూస్తే ఎర్రదనం ఉండదు. గోళ్లు, నాలుక తెల్లబడి ఉంటాయి. మొన్నటిదాకా పొద్దున్నే లేచి పేడకళ్లు ఎత్తిన ఇల్లాలు పెరట్లోంచి వాకిట్లోకి వచ్చేసరికే ఆయాసపడుతుంది. మనం మాత్రం "ఆ జబ్బే అంత, మందులు ఒంటికి పడటం లేదు" అనేసి ఊరుకుంటాం. కొందరైతే అక్కడితో వైద్యం మానిపిస్తారు.

ఆ నీరసం అంతా కేన్సర్‌ది కాదు. అందులో చాలాసార్లు రక్తహీనత వాటా ఉంటుంది. కేన్సర్ నయమవుతుందా లేదా అన్నది జబ్బును బట్టి, దశను బట్టి ఉంటుంది. రక్తహీనతను మాత్రం చాలామందిలో ఎంతో కొంత సరిచేయవచ్చు. సరిచేస్తే మనిషి లేచి కూర్చుంటుంది, తన పని తాను చేసుకుంటుంది, మిగిలిన వైద్యాన్ని తట్టుకుంటుంది.

నొప్పి అడుగుతారు, నీరసం అడగరు

1997లో అమెరికాలో ఒక సర్వే వెలువడింది. రోజువారీ బతుకును ఏది ఎక్కువ దెబ్బతీస్తోందని కేన్సర్ రోగులను అడిగారు. నూటికి 61 మంది నీరసమన్నారు, నొప్పి అన్నవారు 19 మందే. ఇదే ప్రశ్న కేన్సర్ డాక్టర్లను అడిగితే నూటికి 61 మంది నొప్పి అన్నారు! రోగి ఒకటి అనుభవిస్తుంటే డాక్టరు మరొకటి అనుకుంటున్నాడన్నమాట. మన దగ్గర ఈ ఎడం ఇంకా ఎక్కువే ఉంటుందని నా అనుమానం. మన ఆడవాళ్లు నొప్పయితే చెబుతారు గానీ "నీరసంగా ఉంది" అని చెప్పుకోవడం నామోషీగా భావిస్తారు. పని దొంగ అంటారేమోనని భయం.

యూరప్‌లో 24 దేశాల్లో 15 వేల మందికి పైగా కేన్సర్ రోగులను పరిశీలించి 2004లో ఫలితాలు ప్రకటించారు. మొదటిసారి చూసినప్పుడే నూటికి 39 మందికి రక్తహీనత ఉంది. పరిశీలన సాగిన కాలంలో ఎప్పుడో ఒకప్పుడు రక్తహీనత కనిపించినవారు నూటికి 67 మంది. ఆ రక్తహీనతకు వైద్యం అందింది మాత్రం నూటికి 39 మందికే. డబ్బూ ఆసుపత్రులూ ఉన్న దేశాల సంగతే ఇది. మన ఆడవాళ్లలో కేన్సర్ ఊసు లేకుండానే రక్తం తక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. అంటే చాలామంది ఇళ్లలో కేన్సర్ వచ్చి పడేది అప్పటికే సారం తగ్గిన నేల మీద.

లింగంపల్లి నుంచి లక్డీకాపూల్ దాకా

తాండూరు, వికారాబాద్ వైపు నుంచి వైద్యానికి వచ్చే కుటుంబం ఒకటి అనుకోండి. లింగంపల్లిలో దిగి ఎం.ఎం.టి.ఎస్. లోకల్ రైలు ఎక్కుతారు. హఫీజ్‌పేట దాటాక వచ్చేది హైటెక్ సిటీ స్టేషను. మెడలో గుర్తింపు కార్డులు వేసుకున్న పిల్లలు బిలబిలమంటూ దిగిపోతారు. మీరు మాత్రం కూర్చునే ఉంటారు. బోరబండ, బేగంపేట, ఖైరతాబాద్ దాటి లక్డీకాపూల్‌లో దిగితే రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రి. 1955లో మొదలైన ఈ ప్రభుత్వ ఆసుపత్రి రెండు రాష్ట్రాల పేదలకు పెద్ద దిక్కు.

ఇంత దూరం వచ్చాక రక్తపరీక్ష చేస్తారు. "రక్తం ఏడు పాయింట్లే ఉంది, ఇప్పుడు మందు ఎక్కించలేం, రక్తం ఎక్కించుకుని వచ్చే వారం రండి" అంటారు. రానూ పోనూ ఖర్చు, రెండు రోజుల కూలి, ఇంటి దగ్గర గేదెలను చూసినందుకు పక్కింటివాళ్లకు మాట... అన్నీ వృథా. అంతకన్నా పెద్ద నష్టం, మందు వాయిదా పడటం. కేన్సర్ మందుకు వరస తప్పకూడదు. కలుపు మందు సరైన అదనులో కొట్టకపోతే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

ఆ "పాయింట్లు" అంటే ఏమిటి?

రక్తంలోని ఎర్రకణాల్లో హిమోగ్లోబిన్ అనే పదార్థం ఉంటుంది. ఊపిరితిత్తుల్లో ప్రాణవాయువును ఎక్కించుకుని ఒంట్లోని మూలమూలకూ చేరవేసే బండి ఇదే. ఇనుము లేకుండా ఇది తయారు కాదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఎన్ని గ్రాముల హిమోగ్లోబిన్ ఉందో ఆ అంకెనే మనం పాయింట్లంటాం. ఆడవాళ్లకు 12, మగవాళ్లకు 13 కన్నా తగ్గితే రక్తహీనత. 11 కన్నా తగ్గితే ఓ మోస్తరు, 8 కన్నా తగ్గితే తీవ్రమైనది.

కేన్సర్ రోగిలో ఈ అంకె పడిపోవడానికి దారులు చాలా ఉన్నాయి. గర్భాశయ ముఖద్వారం, పెద్దపేగు, కడుపు కేన్సర్లలో రక్తం కొద్దికొద్దిగా కారిపోతుంటుంది. పగుళ్లిచ్చిన కాలువలో నీరు ఇంకిపోయినట్టు, కంటికి కనపడకుండానే. ఇక కేన్సర్ మందు సంగతి. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. కొత్తవి ఎప్పటికప్పుడు ఎముకల మూలుగలో తయారవుతుంటాయి. మూలుగ మన నారుమడి అనుకోండి. కేన్సర్ మందు వేగంగా పెరిగే కణాలన్నిటినీ కొడుతుంది. కలుపు మీద కొట్టిన మందు గాలికి నారుమడి మీద కూడా పడినట్టు మూలుగ దెబ్బతింటుంది. సిస్‌ప్లాటిన్ లాంటి మందులు కిడ్నీలను కూడా దెబ్బతీయవచ్చు. రక్తం తయారుచేయమని మూలుగకు కబురంపే హార్మోను కిడ్నీల్లోనే పుడుతుంది. కబురు అందకపోతే పని సాగదు.

మరో రకం ఉంది. ఒంట్లో ఇనుము ఉంటుంది, కానీ పనికి రాదు. కేన్సర్ వల్ల ఒంట్లో లోపల్లోపల వాపు రగులుతున్నప్పుడు కాలేయం హెప్సిడిన్ అనే పదార్థాన్ని ఎక్కువగా విడుదల చేస్తుంది. అది ఇనుమును గోదాములో పెట్టి తాళం వేస్తుంది. పేగులు తిండిలోని ఇనుమును కూడా సరిగా పీల్చవు. మొదట చెప్పిన వేరుశనగ చేను గుర్తుచేసుకోండి. సున్నపు నేలలో ఇనుము లేక కాదు గదా, ఉన్నది వేరుకు అందక. అందుకే నేలలో వేయకుండా ఆకు మీద పిచికారీ చేస్తాం. ఇక్కడా అంతే. కొందరికి ఇనుము మాత్రలు మింగించినా ఫలితం ఉండదు, నరం ద్వారా ఇనుము ఎక్కించాల్సి వస్తుంది. (అన్నభేది, ఆసుపత్రిలో ఇచ్చే ఇనుము మాత్ర చాలావరకు ఒకటే లవణం అని ఎవరైనా చెబితే అది నిజమే. అలాగని పైరుకు తెచ్చిన అన్నభేదిని మనిషికి పెట్టకండి. అది ప్రాణం మీదికి తెస్తుంది.)

బతుకు ఎలా తగ్గిపోతుందంటే

రక్తహీనత ఒక్కసారిగా పడగొట్టదు. అదే దాని మోసం. మొదట పొలానికి వెళ్లడం మానుతారు. తర్వాత బోరింగు దగ్గరకు, ఆ తర్వాత పక్కింటికి. లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి. నాలుగు మెట్లెక్కితే గుండె దడదడలాడుతుంది. ఎండాకాలంలోనూ చలిగా ఉందంటారు. ఎంత పడుకున్నా అలసట తీరదు. మామూలు పని చేసి అలసినవాళ్లు రాత్రి నిద్రపోతే తెల్లారి తేలికపడతారు, వీళ్లు తేలికపడరు. అన్నం ముందు కూర్చుంటే నమిలే ఓపిక ఉండదు. తినకపోతే రక్తం ఇంకా తగ్గుతుంది.

మనసు మీద దెబ్బ వేరు. మాట మధ్యలో మరిచిపోతారు, డబ్బు లెక్క తప్పుతారు, చీటికిమాటికి విసుక్కుంటారు. జబ్బుకు ముందు ఇల్లంతా నడిపిన మనిషి తనకు నీళ్లు కావాలన్నా కోడలిని పిలవాల్సి వస్తుంది. "నేను ఇంటికి బరువైపోయాను" అన్న మాట ఇక్కడే పుడుతుంది. వైద్యం వద్దనడం కూడా ఇక్కడే మొదలవుతుంది. మా భాషలో దీన్ని 'జీవన నాణ్యత' అంటారు, ఈ మాట నాకే నచ్చదు. తన చీర తాను ఉతుక్కోగలగడం, మనవణ్ణి ఒడిలో కూర్చోబెట్టుకోగలగడం... అంతే దాని అర్థం.

'కరెంటు' పెట్టే వైద్యానికి కూడా రక్తంతో పని ఉంది. రేడియేషన్ బాగా పనిచేయాలంటే గడ్డలో ప్రాణవాయువు ఉండాలి. అది అందని కణాలు కరెంటుకు సులువుగా లొంగవు. అందుకే గర్భాశయ ముఖద్వార కేన్సర్‌కు కరెంటు పెట్టేటప్పుడు చాలామంది డాక్టర్లు హిమోగ్లోబిన్ 10 దగ్గర ఉండేలా చూస్తారు.

ఏం చేయాలి, ఏం చేయకూడదు

ప్రయాణానికి రెండు మూడు రోజుల ముందే మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష (సి.బి.పి.) చేయించండి. తెలంగాణలో అక్కడే నమూనా తీసి జిల్లాలోని డయాగ్నస్టిక్ కేంద్రానికి పంపే ఏర్పాటు ఉంది. అంకె తక్కువగా ఉంటే ఆసుపత్రికి ఫోన్ చేసి అడిగి, రక్తానికి ఏర్పాటు చేసుకునే బయలుదేరవచ్చు. ఒక ప్రయాణం మిగులుతుంది.

డాక్టరును రెండు ప్రశ్నలు అడగండి. "పాయింట్లు ఎంత ఉన్నాయి? ఎందుకు తగ్గాయి?" రెండోది ముఖ్యం. రక్తం కారుతుంటే ఒక వైద్యం, ఇనుము తక్కువైతే ఒకటి, కడుపు ఆపరేషన్ అయినవాళ్లలో బి-12 విటమిన్ తగ్గితే ఇంకొకటి. ఇనుము నిల్వ తెలుసుకోవడానికి ఫెరిటిన్ అనే పరీక్ష ఉంది. భూసార పరీక్ష లేకుండా ఎరువు వేయడం ఎంత తెలివైన పనో, కారణం తెలియకుండా టానిక్కు తాగించడం అంతే.

రక్తం ఎక్కించడం త్వరగా గుణం చూపే వైద్యం. ఒక యూనిట్‌కు సుమారు ఒక పాయింటు పెరుగుతుంది. మామూలుగా 7, 8 కన్నా తగ్గినప్పుడు, లేదా ఆయాసం, గుండెదడ బాగా ఉన్నప్పుడు ఎక్కిస్తారు. ఎక్కించేటప్పుడు చలి, జ్వరం, దురద, నడుం నొప్పి, ఊపిరాడకపోవడం ఏది కనిపించినా వెంటనే నర్సును పిలవండి. మొహమాటపడొద్దు. ఎక్కించిన రక్తం కొన్ని వారాల ఊతమే. కారణం తీరకపోతే మళ్లీ తగ్గుతుంది.

ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లు కూడా ఉన్నాయి, కిడ్నీ పంపే కబురును బయటి నుంచి ఇచ్చినట్టు. ఒకప్పుడు వీటిని విరివిగా వాడారు. రక్తం గడ్డలు కట్టడం, కొన్ని కేన్సర్లు ముదరడం గమనించాక 2007లో అమెరికా ఔషధ సంస్థ గట్టి హెచ్చరిక జారీచేసింది. జబ్బును పూర్తిగా నయం చేయాలని కీమో ఇస్తున్నప్పుడు సాధారణంగా ఇవి వద్దంటారు. కేన్సర్ డాక్టరు రాస్తే తప్ప వేయించుకోకండి.

ఊళ్లో "బలం సీసా" ఎక్కించేవారున్నారు. ఉప్పు నీళ్లు, గ్లూకోజు ఎంత ఎక్కించినా హిమోగ్లోబిన్ వీసమెత్తు పెరగదు. బీట్‌రూట్ రసం, దానిమ్మ ఎర్రగా ఉంటాయి కాబట్టి రక్తం పడుతుందనుకోవడం కూడా అలాంటిదే. దానిమ్మ మంచి పండే, కాని అందులో ఇనుము చాలా తక్కువ. పరామర్శకు వచ్చినవాళ్లు కిలో దానిమ్మ తెచ్చే డబ్బుతో రెండు డజన్ల గుడ్లు తెస్తే మేలు. తినేవాళ్లయితే కాలేయం, మాంసం, చేపలు. లేదంటే తోటకూర, మునగాకు, శనగలు, పప్పులు, వాటిమీద నిమ్మరసం. అన్నం తిన్న వెంటనే టీ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు, గంట ఆగాలి. అయితే కేన్సర్ రోగిలో రక్తహీనత తిండితోనే తీరిపోతుందని మాత్రం అనుకోవద్దు.

కూర్చున్నచోటే ఆయాసం, ఛాతీ నొప్పి, సొమ్మసిల్లడం, తారులా నల్లటి విరేచనం, ఆగని రక్తస్రావం... వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకండి. ఇనుము మాత్రలు వాడేవాళ్లకు విరేచనం నల్లగానే వస్తుంది, దానికి భయం లేదు. జిగటగా, చెడు వాసనతో ఉంటే అది రక్తం.

యూరియా, కూలీల లెక్క రాసుకునే పుస్తకంలోనే ఒక పేజీ కేటాయించండి. తేదీ, పాయింట్లు, ఆ రోజు ఎంత దూరం నడిచింది, స్నానం తానే చేసిందా లేదా. డాక్టరు దగ్గర మీకున్నది రెండు నిమిషాలు. ఆ పేజీ చూపితే చాలు. ఖర్చు సంగతి ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. రక్తం ఖర్చు మీ ప్యాకేజీలో ఉందో లేదో ముందే తేల్చుకోవాలి. రైలులో వచ్చేవారికి కేన్సర్ రాయితీ ఉంది. ఆసుపత్రి నుంచి ధ్రువపత్రం తీసుకుంటే స్లీపర్ తరగతిలో రోగికి చార్జీ ఉండదు, తోడు వెళ్లేవారికి 75 శాతం తగ్గుతుంది.

జబ్బు చివరి దశకు చేరినవారి విషయం వేరే ఆలోచించాలి. అప్పుడు అంకె కోసం కాదు, మనిషి సుఖం కోసం వైద్యం. ఒక యూనిట్ రక్తంతో నాలుగు రోజులు ఆయాసం తగ్గి అందరితో మాట్లాడగలిగితే ఎక్కించడం మంచిదే. ఎక్కించినా తేడా లేకపోతే సూదులతో బాధించడం ఎందుకని డాక్టరుతో కూర్చుని మాట్లాడుకోవాలి. 2011లో మొదలైన స్పర్శ్ హాస్పిస్ ఇప్పుడు ఐటీ కారిడార్‌లోనే, ఖాజాగూడలో ఉంది. అక్కడ ఇలాంటివారిని ఉచితంగా చూస్తారు.

ఆ రక్తం ఎవరిది?

మీకు ఇచ్చే రక్తం ప్యాకెట్ మీద దాత పేరు ఉండదు. ఒకప్పుడు డబ్బుకు రక్తం అమ్మేవాళ్లుండేవారు. సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు ప్రకారం 1998 జనవరి 1 నుంచి అది ఆగిపోయింది. ఆ ఏడాదే అక్టోబరు 2న హైదరాబాద్‌లో చిరంజీవి ట్రస్టు బ్లడ్ బ్యాంకు మొదలైంది. నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజపేయి ప్రారంభించారు. అమ్మకం పోయిన ఏడాదే, స్వచ్ఛందంగా ఇవ్వగల వేలాది యువకులను ఒకచోట చేర్చే ప్రాంతం పుట్టిందన్నమాట. కాకతాళీయమే గాని బాగా కుదిరింది. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో పెట్టే శిబిరాలు ఇవాళ నగరంలోని బ్లడ్ బ్యాంకులకు ముఖ్యమైన ఆధారం. 2020 లాక్‌డౌన్‌లో ఆఫీసులు మూతపడి పిల్లలంతా ఇళ్లకు వెళ్లిపోయాక రక్తానికి కటకట వచ్చింది. అప్పుడు సైబరాబాద్ పోలీసులే ముందుకొచ్చి శిబిరాలు పెట్టారు.

రైలులో హైటెక్ సిటీ దగ్గర దిగిపోయారే, ఆ పిల్లల్లో సగంమంది ఊళ్లనుంచి వచ్చినవాళ్లే. మీ ఊరి వాడు ఒక్కడైనా అక్కడ ఉంటాడు. ఆసుపత్రిలో "దాతలను తెచ్చుకోండి" అంటే కంగారుపడి దళారుల చేతికి చిక్కకండి. ఆ అబ్బాయికి ఫోన్ చేయండి. ఒక మాట జాగ్రత్త. బ్లడ్ కేన్సర్‌లో ముందు ముందు మూలుగ మార్పిడి చేయాల్సి రావచ్చు. అలాంటి రోగికి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, కన్నపిల్లల రక్తం సాధారణంగా ఎక్కించరు. ఆ అబ్బాయి స్నేహితులు ఇవ్వవచ్చు. రక్తానికి ధర కట్టడం నేరం. నిల్వకు, పరీక్షలకు అయ్యే ప్రాసెసింగ్ చార్జీ మాత్రమే తీసుకోవాలని 2024 జనవరిలో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ మళ్లీ ఆదేశించింది. రక్తాన్ని, దాని భాగాన్ని బట్టి అది 250 నుంచి 1,550 రూపాయల మధ్య ఉంటుంది.

ఎర్రకణాల ప్యాకెట్ 42 రోజులకు మించి నిల్వ ఉండదు. కాలేజీలకు సెలవులు, ఎండలు కలిసొచ్చే ఏప్రిల్, మే నెలల్లో కొరత. మీకు యాసంగి కోతలు అయిపోయి కాస్త తీరిక దొరికేదీ అప్పుడే. 18 నుంచి 65 ఏళ్ల వయసు, 45 కిలోల బరువు, 12.5 పాయింట్ల హిమోగ్లోబిన్ ఉంటే ఇవ్వవచ్చు. తీసేది 350 మిల్లీలీటర్లే. మగవాళ్లు మూడు నెలలకు, ఆడవాళ్లు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వవచ్చు. ఊళ్లో యాభై మంది పేర్లు రాసుకుని జిల్లా ఆసుపత్రి బ్లడ్ బ్యాంకుకు చెబితే వాళ్లే వ్యాను వేసుకుని వస్తారేమో అడగండి. శిబిరం రోజు కడుపు నిండా తిని రండి. ఇచ్చాక నీళ్లు, మజ్జిగ బాగా తాగండి. ఆ ఒక్క రోజుకు మాత్రం మందు పంపు భుజానికెత్తుకోకండి.